జేజి కళ్ళు మూసుకుంటే

పోయిన మంగళవారం ఆఫీసులో మీటింగు మధ్యలో ఫోన్ మోగింది. "శనివారం క్లాస్ పేరెంట్స్" అనే వాట్సాప్ గ్రూపు. నాలుగేళ్ళుగా అందులో ఒక్క మెసేజ్ లేదు, అయినా తీసేయడానికి మనసొప్పక ఉంచుకున్నాను. హామిల్టన్‌లో నర్సుగా చేస్తున్న జేజి వాళ్ళ అమ్మాయి పెట్టింది. అమ్మ తెల్లవారుజామున పోయింది, నిద్రలోనే, బాధపడలేదు అని రెండు ముక్కలు.

ఇలాంటి వార్త కింద మామూలుగా చేతులు జోడించిన బొమ్మలు వరస కడతాయి. ఇక్కడ మాత్రం ఒకావిడ, "మా అమ్మాయి ఏడుస్తూ మురుకులు చేసిపెట్టమంటోంది, నాకేమో చేతకాదు" అని రాసింది. ఇంకొకాయన కొడుకు గొంతు రికార్డు చేసి పెట్టాడు. గొంతు మారుతున్న వయసు కుర్రాడు, "క, ఖ, గ, ఘ" అంటూ ఊపిరి ఎక్కడ బిగబట్టాలో ఎక్కడ వదలాలో తేడా తెలిసేలా పలికాడు. చూస్తూండగానే దాని కింద ఒకరి తర్వాత ఒకరు, ఆ క్లాసులో ఒకప్పటి చిన్నపిల్లలందరూ అలాగే పలికి పెట్టారు. నేను మీటింగులోంచి లేచి కారిడార్లోకి వెళ్ళి, గోడకి ఆనుకుని అన్నీ విన్నాను. ఏడుపు రాలేదు సరికదా, విజయోత్సవం చూస్తున్నట్టు ఒళ్ళు పులకరించింది.

కాల్గరీ తెలుగువాళ్ళలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. కడప వైపు మనిషి. వాళ్ళ వైపు నాయనమ్మని జేజి అంటారు. పిల్లలు జేజి అన్నారు, వాళ్ళని చూసి మేమూ అన్నాం. నేను గుంటూరు అలవాటు కొద్దీ మొదట్లో "జేజి గారూ" అంటే ఊరుకోలేదు.

"జేజికి గారు ఏంది నాయనా, ఆవకాయలో చక్కెర ఏసినట్టు" అంది.

శనివారం పొద్దున పదింటికి ఆమె ఇంటి బేస్‌మెంట్లో క్లాసు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్, ఇంట్లో హీటర్ ఎంత పెట్టినా సరే తలకి మంకీ క్యాప్. డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు ఫెయిలయింది. దాన్ని దాచుకునేది కాదు, పైగా "మూడుసార్లూ తప్పు ఆ ఎదురొచ్చినోనిదే" అనేది. ఎక్కడికైనా ఊళ్ళో తిరిగే సీట్రైన్ మీదే. పలకలు, వర్క్‌షీట్లు ఏవీ ఉండేవి కావు. ఒక పెద్ద అద్దం, కింద నుంచి పైకి పదమూడు మెట్లు, వంటింట్లో మురుకుల పిండి. అంతే ఆమె బడి.

అందరూ అ ఆ ల నుంచి మొదలుపెడితే ఆమె "మ" నుంచి మొదలుపెట్టేది. మా అందరిలోకీ పెద్ద చదువు చదివిన ఒకాయన, ఆయిల్ కంపెనీలో జియాలజిస్టు, ఈ పద్ధతి చూసి మొదటివారమే బాధపడ్డాడు. వర్ణమాలకి ఒక క్రమం ఉందని, దాన్ని చెడగొట్టకూడదని చెప్పి, రంగురంగుల అక్షరాల చార్టు లామినేషన్ చేయించి తెచ్చాడు.

"శానా బాగుంది నాయనా" అని తీసుకుంది జేజి. "కానీ అ అనేటప్పుడు పిల్లోనికి ఏం కనపడతాది చెప్పు, నోరు తెరిస్తే చీకటి. మ అంటే పెదాలు రెండూ కలిసేది అద్దంలో కనపడతాది. కనపడేది ముందు, కనపడంది తరవాత."

ఆ చార్టు మరుసటి వారం వంటింట్లో కనిపించింది. లామినేషన్ కాబట్టి నూనె పీల్చదు, కడిగితే పోతుంది. వేగిన మురుకులు ఆరబెట్టడానికి దాన్ని మించింది ఇంట్లో లేదట. జియాలజిస్టు గారు దాని మీదే ఆరిన మురుకు ఒకటి తిని, ఇంకోటి అడిగి పుచ్చుకున్నాడు.

మురుకులంటే మామూలు మురుకులు కావు. పిండిని చేత్తో సన్నగా తాడులా పేని, పిల్లలు ఆ రోజు నేర్చుకుంటున్న అక్షరాన్ని ప్లాస్టిక్ కాగితం మీద తిప్పేవాళ్ళు. ఆమె వేయించి తెచ్చేది. ఏ అక్షరం తింటావో దాన్ని పలికి తినాలి. పేరు చదివినట్టు కాదు, నోట్లో ఆ శబ్దం ఎక్కడ పుడుతోందో వేలితో చూపించి మరీ. పెదాల దగ్గరా, పళ్ళ వెనకా, గొంతులోనా? తప్పు చెబితే తిట్టేది కాదు, పళ్ళెం వెనక్కి లాక్కునేది.

ఇక్కడ పుట్టిన పిల్లలకి ఒక చిక్కుంది. వాళ్ళు "పాలు" అన్నా, "కాలు" అన్నా ముందు అక్షరం మీద బుస్సుమని గాలి వదులుతారు. బడిలో, టీవీలో వినే ఇంగ్లీషు అలాంటిది. తల్లిదండ్రులం మాకది ముద్దుగా ఉండేది, వీడియోలు తీసి ఇండియాకి పంపేవాళ్ళం. జేజికి ముద్దుగా ఉండేది కాదు. జనవరి చలిలో పిల్లలకి జాకెట్లు తొడిగించి, ఇంటి వెనక చెక్క డెక్ మీదకి తీసుకెళ్ళి వరసగా నిలబెట్టేది. "క అనండి" అంటే చిన్న ఆవిరి. "ఖ అనండి" అంటే మబ్బంత. పదిమంది పిల్లలు పెరట్లోకి మబ్బులు వదులుతూ కేరింతలు కొడుతుంటే, పక్కింటి తెల్లాయన కిటికీలోంచి చూసి నవ్వుతూ చెయ్యి ఊపేవాడు.

"మన ఊర్లో ఈ శబ్దాన్ని చెవికే చూపిస్తాం. ఇక్కడ చలి పుణ్యమా అని కంటికి గూడా చూపిస్తా ఉండాం" అనేది జేజి గొప్పగా.

ఇంతకీ మావాడి సంగతి చెప్పాలి. అప్పుడు వాడికి ఆరేళ్ళు, గ్రేడ్ వన్. నవంబరులో బడిలో టీచరమ్మ మమ్మల్ని చిన్న కుర్చీల్లో కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా ఒక పుస్తకం తెరిచింది. ఆ పుస్తకం మావాడు ఇంట్లో గడగడా చదివేవాడు. చదువుతుంటే వీడియో తీసి మా నాన్నకి పంపాను కూడా. ఆమె వాడిని పిలిచి, బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి చదవమంది. మావాడు ఆమె చెయ్యి వైపు చూశాడు, తర్వాత నా మొహం వైపు చూశాడు. ఒక్క ముక్క రాదు వాడికి. ఇన్నాళ్ళూ బొమ్మ చూసి, కథ గుర్తుపెట్టుకుని, మా మొహాలు చూసి ఒప్పజెప్పేశాడు.

టీచరమ్మ ఇంట్లో తెలుగు మానమని అనలేదు. ఆ తెలివి నాదే. రెండు భాషల వల్లే వాడు తికమక పడుతున్నాడని నాకు నేనే తేల్చుకుని, ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఇంగ్లీషే అని చట్టం చేశాను. మా ఆవిడా నేనూ పప్పన్నం కలుపుకుంటూ "పాస్ ద పికిల్ ప్లీజ్" అనుకున్న ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మావాడు రోజురోజుకీ ముడుచుకుపోయాడు. ఒకరోజు బడికెళ్ళనని బూట్లు వేసుకోకుండా గుమ్మంలో కూర్చున్నాడు.

"ఐయామ్ నాట్ ఎ రీడర్, నాన్నా" అన్నాడు. ఆరేళ్ళవాడు, తనకి ఈత రాదన్నట్టో, చెయ్యి లేదన్నట్టో, అంత మామూలుగా చెప్పేశాడు. చదువు రాకపోవడం కంటే, రాదని వాడు నమ్మేయడం నన్ను భయపెట్టింది.

నా చట్టాన్ని పక్కన పెట్టి, వాడిని జేజి దగ్గరికి లాక్కెళ్ళింది మా ఆవిడే.

జేజి వాడిని చదువు గురించి ఏమీ అడగలేదు. అద్దం ముందు కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. నేను మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆమె "మామ" అన్న మాటలో మొదట ఏం వినపడుతోందని అడిగింది. మావాడు నా వైపు తిరిగాడు. నాకు తెలియకుండానే నా పెదాలు "మ" అని కలుసుకున్నాయి. జేజి అద్దంలో చూసేసింది.

"నువ్వు పైకి పో నాయనా" అంది. "వానికి నీ మొగమే పుస్తకమయిపోయింది. అది మూసేస్తే గాని ఇంకోటి తెరవడు."

వెళుతూ వెనక్కి తిరిగి చూశాను. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, చెవి ఒకటి వాడి వైపు వంచి కూర్చుంది. ఏ పిల్లవాడు పలుకుతున్నా అలాగే కూర్చునేదని తర్వాత తెలిసింది. ఎందుకని అడిగితే, "కండ్లు తెరిస్తే నేనూ నీ మాదిరే సాయం చేస్తా. కనుబొమ్మ కదిలిస్తే చాలు, ఈ దొంగనాయాండ్లు పట్టేస్తారు" అంది. నిద్రపోతోందనుకుని ఒకమ్మాయి చిన్నగా పళ్ళెంలోంచి మురుకు తీస్తే, కళ్ళు మూసుకునే చెయ్యి పట్టుకున్న మనిషి ఆమె.

ఐదు వారాలు గడిచాయి. మిగతా పిల్లలు ప, బ, త, ద దాటి వెళ్ళిపోయారు. మావాడు ప్రతి శనివారం ఒక్క "మ" మురుకే తిని ఇంటికొచ్చేవాడు. నాకు ఓపిక నశించింది. బడిలో మళ్ళీ పరీక్ష చేస్తామన్న రోజు దగ్గర పడుతోంది. ఆరో వారం పిల్లలందరూ వెళ్ళాక వంటింట్లో ఆమెని పట్టుకున్నాను.

"జేజీ, ఐదు వారాలైంది. ఒక్క అక్షరం. ఇలా అయితే ఎప్పటికి?"

ఆమె మూకుడు కడుగుతోంది. కుళాయి కట్టేసి, తడిచేత్తోనే నా వైపు తిరిగింది. కోపం వస్తే ఆమె ముక్కు ఎర్రబడేది.

"ఐదు వారాల్లో వాడు నన్ను ఒక్కసారి గూడా మోసం చెయ్యల్యా. తెలిస్తే పలికినాడు. తెల్లేదంటే తెల్లేదన్నాడు. ఊహించి చెప్పే పిల్లోడు తెల్లేదని చెప్పడం నేర్చుకున్నాడప్పా! అది ఎంత పెద్ద సంగతో నీకు తెల్చునా? మీ ఆఫీసులో ఎంతమంది చెప్తారు ఆ మాట?"

మా ఆఫీసులో, నాతో సహా, ఎవరూ చెప్పరు.

"ఇంకోటి చెప్తా విను" అంది, కాస్త మెత్తబడి. "ఇంట్లో తెలుగు మాన్పించినావంట కదా. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. అయినా శబ్దం ఏ భాషదైనా నోట్లోనే కదా పుట్టాల్సింది. వాడు పుట్టినకాడి నుంచి విన్న నోరు మూసేసి, రాని నోటితో చదవమంటే ఎట్ల చదువుతాడు?"

ఆ సాయంత్రం ఇంట్లో నా చట్టం రద్దయింది. ఊరగాయ మళ్ళీ ఊరగాయ అయింది.

తర్వాత వారాల్లో మావాడికి మెట్ల పిచ్చి పట్టుకుంది. ఆ పదమూడు మెట్ల మీద జేజి ఆడించే ఆట అది. ఒక మాట చెబుతుంది, దాన్ని ముక్కలు చేసి, ముక్కకో మెట్టు ఎక్కాలి. మా-మి-డి అంటే మూడు. మొదట అలా పెద్ద ముక్కలు. అవి వచ్చాక ఒక్కో ముక్కనీ మళ్ళీ విరగ్గొట్టి, ఒక్కో శబ్దానికీ ఒక మెట్టు. మావాడు మా ఇంటి మెట్ల మీద కూడా పైకీ కిందకీ తిరుగుతూ సోఫాని, ఫ్రిజ్‌ని, వాళ్ళమ్మ పేరుని, చివరికి మా మేనేజర్ పేరుని కూడా ముక్కలు చేశాడు. ఫిబ్రవరి వచ్చేసరికి పొద్దున సీరియల్ తింటూ డబ్బా వైపు చాలాసేపు చూడడం మొదలుపెట్టాడు. పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. అడగాలని నాలుక దురద పెట్టేది. మా ఆవిడ బల్లకింద నా కాలు తొక్కేది.

అలాంటి ఒక శనివారం. ముందు రోజు రాత్రి మైనస్ ఇరవై ఎనిమిది. అంత చలిలో ఇంజిను వెచ్చగా ఉండడానికి కారుకి పెట్టాల్సిన కరెంటు ప్లగ్ నేను మర్చిపోయాను, పొద్దున బ్యాటరీ చచ్చి కూర్చుంది. మావాడినీ నన్నూ క్లాసుకి పక్కవీధి ఫ్రెండ్ దింపాడు. తిరిగి రావడానికి ట్రైనే గతి. జేజికి కూరగాయలు కొనుక్కోవాల్సి ఉండి, మాతో పాటు బయల్దేరింది.

స్టేషన్లో ప్లాట్‌ఫామ్ మీద అద్దాల షెల్టరు ఉంది. అందులో బటన్ నొక్కితే నెత్తిన హీటరు వెలుగుతుంది. మావాడు బటన్ నొక్కి, దాని కింద నిలబడి, అటూ ఇటూ చూస్తున్నాడు. అద్దానికి లోపలి వైపు ఎవరో ఒక కాగితం అంటించారు. చేత్తో రాసిన పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. కింద ఏదో ఫొటో ఉండేది కాబోలు, తడిసి రంగంతా కారిపోయి, బూడిదరంగు మరక మిగిలింది. బొమ్మ చూసి ఊహించడానికి ఏమీ లేదు.

మావాడు దాని ముందు ఆగిపోయాడు. సీరియల్ డబ్బా ముందు కదిలినట్టే పెదాలు కదిలాయి. నేను కాగితం వైపు చూశాను, చదివేశాను, నా నోరు తెరుచుకుంది. వెంటనే ఊలు గ్లౌజు వచ్చి నా నోటి మీద పడింది. జేజి నన్ను అలాగే పట్టుకుని, కళ్ళు మూసేసుకుంది.

"ల్" అన్నాడు మావాడు. "ల్... ఆ... స్... ట్."

ఇంకా ఐదు మాటలున్నాయి. రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ కదలలేదు. తలుపులు మూసుకున్నాయి, రైలు వెళ్ళిపోయింది. హీటరు దానంతట అదే ఆరిపోయింది. బటన్ నొక్కడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

"క్... యా... ట్. క్యాట్. బ్... ఇ... గ్. బిగ్. ఫ్... ఫ్యాట్." వేగం వచ్చింది. "బ్యాడ్. ల్... లెగ్."

వాడు మొదటి మాట దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. వేలు పెట్టి ఒకసారి మొత్తం తిరగేశాడు. గిర్రున వెనక్కి తిరిగాడు. కళ్ళు ఇంతింత చేసుకుని, నెలల తర్వాత మొదటిసారి అంత పెద్ద గొంతుతో అరిచాడు.

"జేజీ! పిల్లి తప్పిపోయిందంట! లావు పిల్లంట! దానికి కాలు నొప్పంట!"

జేజి కళ్ళు తెరవలేదు. 

"ఎవరు చెప్పినార్రా నీకు?"

మావాడు ఆగాడు. ఆ ప్రశ్నకి జవాబు కోసం నా మొహం వైపు చూశాడు. గ్లౌజు కింద నాకు సగం మొహమే లేదు. ఆమె వైపు చూశాడు. తర్వాత అద్దం వైపు తిరిగాడు.

"నాన్న చెప్పలేదు" అన్నాడు నెమ్మదిగా, వాడికే ఆశ్చర్యంగా ఉన్నట్టు. "ఎవ్వరూ చెప్పలేదు. ఇదే చెప్పింది."

అప్పుడు తెరిచింది జేజి కళ్ళు. నా నోటి మీంచి చెయ్యి తీసి, మంకీ క్యాప్ పీకి, ఆ చలిలో ఆ నెరిసిన జుట్టుతో షెల్టరులోంచి బయటికి పరిగెత్తింది. ప్లాట్‌ఫామ్ మీద ఒక్కడే మనిషి, కట్టడం పనివాళ్ళు పెట్టుకునే హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మా వాడు చదివినాడప్పా! ఒంటిగా చదివినాడు! బొమ్మ లేకుండా!" అని అచ్చ తెలుగులో అతని మొహం మీద అరిచేసింది. అతనికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ ఆ మొహంలో ఏం చూశాడో, హెల్మెట్ పైకెత్తి, శభాష్ అన్నట్టు "రైట్ ఆన్!" అని తనూ అరిచాడు. నేను ఏడుస్తున్నాను. చలికి కన్నీళ్ళు బుగ్గల మీదే గట్టిపడుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మావాడు మాత్రం మా ఇద్దరి వైపూ విసుగ్గా చూశాడు. వాడికి మేం ఎందుకు గంతులేస్తున్నామో అర్థం కాలేదు. వాడి దృష్టిలో అక్కడ ఒక పిల్లి తప్పిపోయి ఉంది.

"పదండి, వెతకాలి" అన్నాడు.

"ఇంత చలిలోనా?" అన్నాను నేను.

"దానికి కాలు నొప్పి నాన్నా!"

జేజి అప్పటికే టోపీ పెట్టుకుని మెట్లు దిగుతోంది. రెండో రైలు కూడా మా వెనక వచ్చి వెళ్ళిపోయింది. స్టేషన్ పక్క వీధిలో మోకాలి లోతు మంచులో ముగ్గురం ఒక్కో ఇంటి ఫెన్సు పక్కనుంచీ, ఆగి ఉన్న ఒక్కో కారు కిందా చూసుకుంటూ నడిచాం. జేజి కడప తెలుగులో ఆ కెనడా పిల్లిని "రామ్మా, రా నాయనా, ఏమీ అనం" అని బతిమాలుతోంది. నేను చీపురుపుల్లల్లాంటి నా కాళ్ళతో మంచులో కూరుకుపోతూ, లేస్తూ వెనకే వెళ్ళాను. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. ముసలావిడ ఒకామె డ్రెస్సింగ్ గౌనులో నిలబడి, మేమేమైనా పోగొట్టుకున్నామా అని అడిగింది. నేను జవాబు చెప్పబోయాను. మావాడు నన్ను చేత్తో పక్కకి జరిపి, ముందుకొచ్చి, మెడ ఎత్తి ఆవిడతో చెప్పాడు.

"దేర్ ఈజ్ ఎ లాస్ట్ క్యాట్. ఇట్స్ ట్రూ. ఐ రెడ్ ఇట్ మైసెల్ఫ్."